గౌరవమా, వేతనమా? – సన్మాన పత్రాల్లో దళిత స్త్రీ

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు. ఈ మూడు పట్టణాల్లో ఒకదాంట్లో, మునిసిపాలిటీలో వీధులు ఊడ్చే ఒక మాదిగ అమ్మ ఇంటికి పోయాం. గోడకు అద్దం ఫ్రేములో సన్మాన పత్రం వేలాడుతోంది. ఒక పక్క చనిపోయిన భర్త ఫోటో, ఇంకో పక్క అంబేద్కర్ క్యాలెండర్. మార్చి 8న స్టేజీ మీద పిలిచి శాలువా కప్పి ఇచ్చిన పత్రం అది. ఇచ్చిననాడు మైకులో చదివారట గానీ చప్పట్ల మధ్య ఆమెకు సరిగా వినపడలేదు. "మీరు సదువుకున్నోళ్ళు గదా, ఏం రాసిండ్రో జర సదువుండ్రి బిడ్డా" అన్నది. చదివాం. 'సహనశీలి' అని ఉంది. 'సేవే పరమార్థంగా' అని ఉంది. 'పట్టణాన్ని కన్నతల్లిలా శుభ్రపరుస్తూ' అని ఉంది. ఆమె అంతా విని, "మూడు నెల్ల సంది జీతం రాలేదని రాయలేదా?" అని అడిగింది.

నవ్వుకుంటూనే అడిగింది. మేం మాత్రం ఆ ప్రశ్నను అక్కడ వదిలి రాలేకపోయాం. ఆమె పేరు, ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు బయటికొస్తే కాంట్రాక్టరు పనిలోంచి తీసేస్తాడని ఆమె భయం. ఆ భయం ఉత్తిది కాదు.

పాలమూరులో మార్చి నెల వచ్చిందంటే సన్మానాల కాలం వచ్చినట్టే. 2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాను విడదీసి ఈ మూడు పట్టణాలనూ జిల్లా కేంద్రాలు చేశారు. జిల్లా ఒక్కటున్నప్పుడు ఒకచోట జరిగే మహిళా దినోత్సవం ఇప్పుడు అన్ని చోట్లా జరుగుతోంది. ప్రభుత్వ శాఖలు, స్వచ్ఛంద సంస్థలు, కుల సంఘాలు, ప్రైవేటు కాలేజీలు ఎవరికి వారు 'వివిధ రంగాల్లో రాణించిన' మహిళలకు, 'విశిష్ట సేవలందించిన' మహిళలకు శాలువా, మెమెంటో, పత్రం ఇస్తున్నారు. వీళ్ళలో మన ఆడవాళ్ళూ ఉంటున్నారు. ఇది మంచి మార్పే. అయితే ఆ పత్రాల్లో ఏం రాస్తున్నారు, ఏం రాయడం లేదు అని అడగాల్సిన పని మనకుంది. కథనూ కవితనూ విమర్శించినట్టే సన్మాన పత్రాన్ని కూడా ఒక రచనగా చదవాలని మా ప్రతిపాదన. ఎందుకంటే మన వాడల్లో చాలామంది తల్లుల గురించి అచ్చులో వచ్చిన ఒకే ఒక్క కాగితం అది.

'స్వయంకృషి' అనే కథ

మేం చూసిన పత్రాలు రెండు రకాలు. మొదటి రకం ఉద్యోగంలో ఎదిగిన స్త్రీలకిచ్చేది. టీచరు, స్టాఫ్ నర్సు, లెక్చరరు, ఎస్సై, డాక్టరు. రెండో రకం సేవ చేసిన స్త్రీలకిచ్చేది. ఊడ్చే అమ్మ, అంగన్‌వాడీ ఆయా, ఆశా కార్యకర్త, బడిలో వంట చేసే అక్క. మొదటి రకంలో ఒకే కథ మళ్ళీ మళ్ళీ వస్తుంది. 'నిరుపేద కుటుంబంలో జన్మించి, స్వయంకృషితో ఉన్నత విద్యనభ్యసించి, భర్త ప్రోత్సాహంతో...' అని నడుస్తుంది.

'నిరుపేద కుటుంబం' అంటారు. ఎందుకు నిరుపేద అయిందో చెప్పరు. పేదరికం ఉంటుంది, కులం ఉండదు. ఊరవతల ఇల్లు, భూమి లేకపోవడం, తాత పటేలు ఇంట్లో జీతం ఉండడం, ఇవన్నీ ఆ ఒక్క మాట కింద పూడ్చేస్తారు. ఇక 'స్వయంకృషి'. ఈ మాట మీద మాకు గట్టి అభ్యంతరం ఉంది. మా ఇళ్ళల్లో విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటి తరం మేం. మా చదువు వెనుక ఏముందో మాకు తెలుసు. సాంఘిక సంక్షేమ హాస్టలు ఉంది. స్కాలర్‌షిప్పు ఉంది. రిజర్వేషన్ ఉంది. ఆ రిజర్వేషన్ కోసం కొట్లాడిన వాళ్ళున్నారు. అన్నిటికన్నా ముందు, బొంబాయికో పూనాకో వలసపోయి తట్టలు మోసిన అమ్మ ఉంది. కూతుర్ని హాస్టల్లో దింపి, గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని లారీ ఎక్కిన తల్లి ఉంది. ఈ దేశంలో డ్యాముల పునాదుల్లో పాలమూరు ఆడవాళ్ళ చెమట ఉంది. ఇంతమంది కష్టం, ఇన్నేళ్ళ పోరాటం కలిస్తే వచ్చిన ఉద్యోగాన్ని ఒక్క మనిషి 'స్వయంకృషి' అంటే ఆ ఒక్క మనిషిని మెచ్చుకుంటూ మిగతా అందరినీ కొట్టేసినట్టే.

ఇక్కడ ఒక మోసం కూడా ఉంది. అదే స్త్రీ ఆఫీసులో ప్రమోషన్ అడిగినప్పుడు 'రిజర్వేషన్ మీద వచ్చిందిలే' అంటారు. స్టేజీ మీద శాలువా కప్పేటప్పుడు రిజర్వేషన్ మాట మింగేస్తారు. అవమానించడానికి కులం గుర్తుంటుంది, గౌరవించేటప్పుడు మర్చిపోతారు. ఈ మతిమరుపు అమాయకమైనది కాదు. ఈమె స్వయంకృషితో రాగలిగినప్పుడు మిగతావాళ్ళెందుకు రాలేరు అన్న ప్రశ్నకు ఆ పత్రమే పునాది వేస్తుంది. ఒక్కరికి వేసిన దండ వందమంది మెడకు నింద అవుతుంది.

మిగతావాళ్ళు ఎందుకు రాలేదో ఈ నేలలోనే జవాబుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా పరిధిలో అక్షరాస్యత 49.87 శాతం. కొత్త జిల్లాల లెక్కలో తెలంగాణ మొత్తంలో అడుగున ఉన్నది ఇదే. ఈ ప్రాంతం దేశానికి సీడు పత్తి పండించి ఇస్తుంది. సీడు పత్తిలో క్రాసింగ్ పని ఉంటుంది. ఒకనాడు మొగ్గలు గిల్లాలి, మర్నాడు పొద్దున మగపూల పుప్పొడి అద్దాలి. ఒక్కో పువ్వుకూ చేత్తో చేయాలి. దానికి ఆడపిల్లల చిన్న చేతులు కావాలని రైతులూ సీడ్ ఆర్గనైజర్లూ ఏళ్ళ తరబడి దళిత, వెనుకబడిన కులాల ఇళ్ళకు అడ్వాన్సులిచ్చి పిల్లల్ని చేలకు తోలుకుపోయారు. ఆ పని సరిగ్గా బడి నడిచే నెలల్లోనే వస్తుంది. ఆ చేలల్లోంచి తప్పించుకుని ఒకామె డిగ్రీ దాకా వస్తే సన్మానం చేయాల్సిందే. కానీ ఆమె ఎక్కడ్నుంచి తప్పించుకుని వచ్చిందో చెప్పకుండా ఆమె ఎంత ఎత్తుకు ఎదిగిందో ఎట్లా చెబుతారు?

విద్వద్గద్వాలలో ఎవరికి సన్మానం

సన్మానం ఈ ప్రాంతానికి కొత్త కాదు. గద్వాలను పండితులు 'విద్వద్గద్వాల' అని పిలుచుకున్నారు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాల్లో కవి పండిత సన్మానాలు రివాజుగా జరిగేవి. తిరుపతి వేంకట కవులు అవధానాలు చేసి బహుమానాలు పొందిన ఆస్థానాల్లో గద్వాల, వనపర్తి, ఆత్మకూరు ఉన్నాయి. మన సాహిత్య చరిత్రలు ఈ సంగతిని చాలా గర్వంగా చెప్పుకుంటాయి.

ఆ గర్వం సంగతి అట్లా ఉంచి, ఆ సన్మానంలో ఏం ఇచ్చేవారో చూడాలి. శాలువా ఒక్కటే కప్పి పంపలేదు. వార్షికం కట్టేవారు. అంటే ఏడాదికింత అని డబ్బు. కొందరికి ఈనాములు, మాన్యాలు, అగ్రహారాలు. అంటే భూమి. పండితుడి గౌరవం అతని కడుపుతో ముడిపడి ఉండేది. 'మీరు విద్యాసేవ చేస్తున్నారు, కనుక మీకు డబ్బెందుకు' అని ఏ రాజూ అనలేదు. అదే కాలంలో అదే సంస్థానాల్లో మన తాతలు, అమ్మమ్మలు వెట్టి చేశారు. కోట ఊడ్చారు, పేడ ఎత్తారు, చచ్చిన గొడ్డును మోశారు, చెప్పులు కుట్టి ఇచ్చారు, కబురు మోశారు. దానికి కూలి లేదు, వార్షికం లేదు. అది 'ఆనవాయితీ'. పండితుడిది విద్య, దానికి భూమి. మనది సేవ, దానికి ఆనవాయితీ. ఈ విభజన మీదనే అప్పటి గౌరవం నిలబడింది.

స్త్రీలకు ఆ ఆస్థానాల చరిత్రలో చోటే లేదా అంటే ఉంది. గద్వాలను చివరగా ఏలింది మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. ఆమె పేరుతో గద్వాలలో డిగ్రీ కాలేజీ ఉంది. ఇంకా వెనక్కి పోతే, నాగర్‌కర్నూలు దగ్గరి వర్ధమానపురం ఏలిన గోన బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబికను తొలి తెలుగు కవయిత్రి అంటారు. 13వ శతాబ్దపు శాసనం ఆమె పేరు నిలిపింది. వాళ్ళ గొప్పతనాన్ని మేం కాదనడం లేదు. రాయి చెక్కించగలిగిన ఇంట్లో పుట్టిన స్త్రీ పేరు రాయి మీద నిలిచింది. రాయి మోసిన స్త్రీ పేరు ఎక్కడుంది అని మాత్రం అడుగుతున్నాం.

సన్మానంలో కప్పే బట్ట సంగతి కూడా చూడాలి. పెద్దింటి ఆడవాళ్ళకు సన్మానమంటే ఇక్కడ గద్వాల చీర పెట్టడం మర్యాద. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు విడిగా కలిపి నేయడం దాని ప్రత్యేకత. ఆ నేతలో మగ్గం మీద మగవాడు కనిపిస్తాడు. కండెలు చుట్టేది, నూలు సాపు చేసేది ఇంటి ఆడవాళ్ళు. కూలి లెక్క మగవాడి పేరు మీద ఉంటుంది. అది నేత కులాల స్త్రీల సమస్య అయినా మన సమస్యకు దగ్గరి చుట్టమే. చీర అందుకునే స్త్రీ స్టేజీ మీద ఉంటుంది, కండె చుట్టిన స్త్రీ ఇంట్లో ఉంటుంది, ఊడ్చే స్త్రీ మీటింగు అయ్యాక హాల్లో మిగులుతుంది.

ఆ పాత సంస్థానాలు పోయాయి. వనపర్తి రాజభవనంలోకి పాలిటెక్నిక్ వచ్చింది. ఒకప్పుడు వెట్టికి పోయిన గోడల మధ్యకు మన పిల్లలు చదువుకు పోయారు. కానీ సన్మానంలో పాత పద్ధతి పోలేదు. ఈ మధ్యటి ఉదాహరణ నాగర్‌కర్నూలు జిల్లాదే. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య దక్కలి కళాకారుడు. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పండుగ సాయన్న కథ చెప్పే మనిషి. 2022లో పద్మశ్రీ ప్రకటించారు. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి జాగా ప్రకటించింది. 2024 మే నెలలో ఆయన హైదరాబాదు శివార్లలో కూలిపని చేస్తూ కనిపించాడని పత్రికలు ఫోటోలతో సహా రాశాయి. అందరూ అయ్యో అన్నారు. దేశపు పెద్ద బిరుదుల్లో ఒకటి పొందిన మగ కళాకారుడి పరిస్థితే ఇది. ఇక మండల స్థాయిలో ఒక శాలువా, ఒక ఫ్రేము అందుకున్న మన ఆడవాళ్ళ సంగతి ఏ పత్రికకు వార్త అవుతుంది?

జీతానికి గౌరవమని పేరు

రెండో రకం పత్రాలకు వద్దాం. ఇక్కడ ముఖ్యమైన మాట 'సేవ'. ఈ మాట వెనుక ప్రభుత్వ భాష ఉంది. అంగన్‌వాడీ టీచరుకు, ఆయాకు ఇచ్చే డబ్బును 'గౌరవ వేతనం' అంటారు. బడిలో వంట చేసే స్త్రీకి ఇచ్చేదీ 'గౌరవ వేతనం'. ఆశా కార్యకర్తకు ఇచ్చేది 'పారితోషికం'. ఈ పేర్లను మనం రోజూ వింటూ కూడా ఆగి ఆలోచించలేదు. వేతనం ముందు గౌరవం అని చేర్చడంతో అది వేతనం కాకుండా పోయింది. జీతమైతే కనీస వేతన హక్కు వస్తుంది, పి.ఎఫ్. వస్తుంది, పింఛను వస్తుంది. గౌరవమైతే ఇచ్చినంత పుచ్చుకుని దండం పెట్టాలి.

అంగన్‌వాడీల పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. ఆ పనిచేసే స్త్రీలకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పడానికి 2022 ఏప్రిల్ 25 దాకా పట్టింది. నలభై ఆరేళ్ళు దాటింది. అదే 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశా కార్యకర్తలకు అంతర్జాతీయ పురస్కారం ఇచ్చింది. పదిలక్షల మందికి పైగా ఉన్న ఆశాలందరికీ కలిపి ఇచ్చిన గౌరవం అది. ఊరికి కరోనా వచ్చినప్పుడు మాస్కు లేకుండా ఇంటింటికీ తిరిగిన మన అక్కచెల్లెళ్ళకు అది దక్కాల్సిందే. కానీ పురస్కారం వచ్చిన మరుసటి ఏడాది, 2023లో, తెలంగాణలో అంగన్‌వాడీలు, ఆశాలు జీతం కోసం, ఉద్యోగ భద్రత కోసం సమ్మెకు దిగాల్సి వచ్చింది. మార్చిలో 'సేవామూర్తులు' అన్న నోళ్ళే సెప్టెంబరులో 'బాధ్యత లేకుండా రోడ్డెక్కారు' అన్నాయి. సేవామూర్తి రోడ్డెక్కకూడదు కదా!

వంట చేసే అక్కల సంగతి ఇంకా ముఖ్యం. మధ్యాహ్న భోజన పథకంలో వంటవాళ్ళుగా దళితులకు, షెడ్యూల్డ్ కులాల, తెగల వాళ్ళకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం లోతైనది. మన చేతి అన్నం ఊరి పిల్లలందరూ తినడమంటే అంటరానితనం మీద రోజూ మధ్యాహ్నం చేసే పోరాటమే. దేశంలో చాలాచోట్ల తల్లిదండ్రులు పిల్లల్ని బడి మాన్పించారు, వంటామెను తీసేయమన్నారు. ఆమె పొయ్యి దగ్గరే నిలబడింది. ఇంత పెద్ద పని చేసినందుకు 2009లో కేంద్రం ఖరారు చేసిన గౌరవ వేతనం నెలకు వెయ్యి రూపాయలు. అదీ ఏడాదికి పది నెలలే. రాష్ట్రాలు తర్వాత కొంత కలిపినా పేరు మారలేదు. ఈమెకు సన్మాన పత్రం రాసినవాళ్ళు 'అన్నపూర్ణ' అని రాస్తారు. అన్నపూర్ణకు కులం ఉండదు, కూలి ఉండదు. ఆమె చేసిన సామాజిక పోరాటాన్ని పురాణం కింద మార్చేశారు.

కరోనా కాలంలో ఆస్పత్రుల మీద హెలికాప్టర్లతో పూలు చల్లారు. 2019లో ప్రధానమంత్రి కుంభమేళాలో పారిశుధ్య కార్మికుల కాళ్ళు కడిగారు. కాళ్ళు కడిగిన నీళ్ళతో మ్యాన్‌హోలు చావులు ఆగలేదు. వంగి కాళ్ళు కడగడం సులువు, లేచి జీతం పెంచడం కష్టం అన్నట్టుంది పాలకుల తీరు.

ఊరు చేసే గౌరవం

'ఇదంతా డబ్బు గొడవ, గౌరవాన్ని డబ్బుతో కొలుస్తారా' అనేవాళ్ళున్నారు. వాళ్ళకు మన పాలమూరు అనుభవం ఒకటి గుర్తు చేయాలి. ఊరు దళిత స్త్రీని గౌరవించడం ఎరుగదని కాదు. ఎరుగును. జోగినిని చేసిననాడు పసుపు రాస్తుంది, కొత్త చీర కడుతుంది, డప్పులతో ఊరేగిస్తుంది, దేవుడి పెండ్లాం అంటుంది, నిత్య ముత్తైదువ అంటుంది. జాతరనాడు ఆమె ముందు నడవందే బోనం కదలదు. తెల్లారితే ఆమె ఎవరిదీ కాదు, అందరిదీ. ఆమె పిల్లలకు తండ్రి పేరు లేదు. ఈ ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో జోగినులు తమ పిల్లల బడి రిజిస్టరులో తల్లి పేరు కోసం, పింఛను కోసం, భూమి కోసం పోరాడుతూనే వచ్చారు.

జోగిని వ్యవస్థకు, మహిళా దినోత్సవ సన్మానానికి పోలిక పెడుతున్నారేమిటని మమ్మల్ని కోపగించుకోవచ్చు. రెండూ ఒకటేనని మేం అనడం లేదు. ఒకటి హింస, ఇంకొకటి మంచి మనసుతో చేసేది కావచ్చు. కానీ హక్కు ఇవ్వకుండా గౌరవం మాత్రమే ఇస్తే ఏం జరుగుతుందో జోగిని జీవితం మనకు చూపించింది. పూజ అందుకునే స్త్రీ అడగడానికి వీల్లేదు. దేవత అప్పు వసూలు చేయదు. అందుకే మన స్త్రీని ఎవరైనా 'తల్లి', 'దేవత', 'అన్నపూర్ణ' అని పిలిచినప్పుడు ఆమెకు రావాల్సిన బాకీ ఎంతో వెంటనే లెక్క చూసుకోవాలి.

మన వేదికల సంగతి

బయటివాళ్ళను విమర్శించి ఊరుకుంటే సరిపోదు. మన సంఘాలు చేసే సన్మానాలు ఎట్లా ఉన్నాయి? ఏప్రిల్ 14న మన స్టేజీ మీద కుర్చీలు ఎవరివి? మన ఆడవాళ్ళు వంటలు చేసి, పిల్లల్ని ఎత్తుకుని, ముందు వరసలో కింద కూచుంటారు. ఒకరిద్దరు ఉద్యోగస్తురాళ్ళను పిలిచి శాలువా కప్పి, ఫోటో దిగి, 'సమయాభావం వల్ల' మాట్లాడనివ్వకుండా పంపిస్తాం. 1942 జులైలో నాగపూరులో వేలాది దళిత స్త్రీల సభలో అంబేద్కర్, ఒక సమాజం ముందుకు పోయిందా లేదా అన్నది ఆ సమాజంలో స్త్రీలు ఎంత ముందుకు పోయారన్న దాన్ని బట్టే కొలుస్తానన్నారు. ఆ కొలతతో మన స్టేజీలను ఒక్కసారి కొలుచుకుంటే మనకు మార్కులు రావు.

సంఘసేవ అనే మాటకు మనం ఇచ్చుకునే అర్థం కూడా మారాలి. 1985 జులైలో కారంచేడు. మంచినీళ్ళ చెరువును పాడుచేయొద్దన్నందుకు కొట్టబోతే చేతిలోని బిందె ఎత్తి అడ్డుకున్న మున్నంగి సువార్త ఒక మాదిగ స్త్రీ. చూసింది చూసినట్టు చెప్పడానికి నిలబడి, ఆ సాక్ష్యం కోసం ప్రాణం పోగొట్టుకున్న అలీసమ్మ ఇంకొక స్త్రీ. తెలుగునాట దళిత ఉద్యమం మలుపు తిరిగిందని మనం రాసుకునే చరిత్రకు మొదటి వాక్యం సువార్త బిందె. సాక్ష్యం చెప్పడం కంటే పెద్ద సంఘసేవ ఏముంటుంది? అయినా సేవా పురస్కారాల జాబితాలు వేసేటప్పుడు, అనాథలకు పండ్లు పంచినవాళ్ళు గుర్తొస్తారు, అట్రాసిటీ కేసులో ఎదురు తిరగకుండా నిలబడ్డ సాక్షి గుర్తురాదు. ఆ జాబితాలు మనం వేసినా ఇంతే.

గౌరవించడం ఎట్లాగో తెలియజెప్పిన పని మన రచయిత్రుల్లోనే ఉంది. గోగు శ్యామల టి.ఎన్. సదాలక్ష్మి జీవితాన్ని 'నేనే బలాన్ని' పేరుతో 2011లో పుస్తకంగా తెచ్చారు. సదాలక్ష్మి సికింద్రాబాదు మెహతర్ కులంలో పుట్టి, ఆంధ్రప్రదేశ్ శాసనసభ డిప్యూటీ స్పీకరు అయి, దేవాదాయ మంత్రి అయిన స్త్రీ. గుడిలోకి రానివ్వని కులం ఆడమనిషి గుళ్ళ శాఖ చూసింది. చివరి రోజుల్లో మాదిగ దండోరాలో నిలబడింది. ఆమెను మాట్లాడించి, ఆమె మాటను ఆమె నుడికారంలోనే రాసి, ఆమె కులాన్ని, కోపాన్ని, ఓడిన ఎన్నికలను కూడా దాచకుండా నిలబెట్టిన ఆ పనికి మించిన సన్మాన పత్రం మాకు తెలియదు.

ఇంకొక సంగతి. 1852లో పూనాలో ప్రభుత్వం జోతిబా ఫూలేకు స్త్రీవిద్య కోసం చేసిన కృషికి శాలువా కప్పింది. అదే పూనా వీధుల్లో బడికి నడిచి పోతున్న సావిత్రిబాయి మీద పేడ, రాళ్ళు పడ్డాయి. బడిలో మార్చుకోవడానికి ఆమె ఇంకో చీర వెంట తీసుకుపోయేది. తెలంగాణ ప్రభుత్వం 2025లో ఆమె పుట్టిన జనవరి 3ను మహిళా ఉపాధ్యాయుల దినంగా ప్రకటించింది. సంతోషమే. జనవరి 3న టీచరమ్మకు శాలువా కప్పేటప్పుడు ఆ రెండో చీరను కూడా గుర్తుపెట్టుకోవాలి. ఇప్పటికీ ఊరికి కొత్తగా వచ్చిన దళిత టీచరమ్మకు అద్దె ఇల్లు ఇచ్చే ముందు కులం అడుగుతున్నారు.

శాలువా వద్దనా?

సన్మానాలన్నీ బూటకం, బహిష్కరించాలి అనే మిత్రులున్నారు. మేం వాళ్ళతో ఏకీభవించం. ఊరంతా 'ఏమే ఎల్లీ', 'ఒసే పోచీ' అని పిలిచిన మనిషిని, జీవితంలో మొదటిసారి మైకులో 'శ్రీమతి ఎల్లమ్మ గారు' అని పిలుస్తారు. ఆ 'గారు' విలువ, పుట్టుకతోనే గారు వచ్చినవాళ్ళకు తెలియదు. మా అమ్మలకు తెలుసు. ఆ పిలుపు వింటే ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. ఆ నీళ్ళను వెక్కిరించే హక్కు చదువుకున్న మాకు లేదు. అందుకే వద్దనడం లేదు, సరిగా చేయమంటున్నాం.

పత్రం రాసే ముందు ఆమెను కూచోబెట్టి అడగండి. ఆమె ఒప్పుకుంటే కులం పేరు రాయండి, ఒప్పుకోకపోతే వదిలేయండి. ఎన్నేళ్ళుగా పనిచేస్తోంది, మొదటి జీతమెంత, ఇప్పుడెంత, బాకీ ఎన్ని నెలలు, పర్మనెంటా కాంట్రాక్టా అన్నది రాయండి. ఉద్యోగంలో ఎదిగిన స్త్రీ అయితే ఏ హాస్టల్లో చదివింది, ఏ రిజర్వేషన్‌లో వచ్చింది, తల్లి ఎక్కడ కూలి చేసింది అన్నది తల ఎత్తుకుని రాయండి. ఆమెతో పాటు పనిచేసే వాళ్ళ పేర్లు కూడా రాయండి. ముఖ్య అతిథి కంటే ముందు ఆమెను మాట్లాడనివ్వండి. శాలువా కప్పే చేతి అధికారిదైతే, రావాల్సిన జీతం కాగితం మీద ఆ రోజే సంతకం పెట్టమనండి. పండితుడికి వార్షికం కట్టినప్పుడు లేని సిగ్గు, ఊడ్చే తల్లికి జీతం కట్టడానికి ఎందుకు?

ఈ ప్రతిపాదనలను చర్చకు పెడుతున్నాం. సంఘాల్లో పనిచేసే వాళ్ళు, టీచర్లు, విద్యార్థులు తమ ఊళ్ళలో గోడలకు వేలాడే పత్రాలను ఒకసారి చదవాలని, వాటిలో లేని మాటలేవో ఆ తల్లులనే అడిగి రాసుకోవాలని కోరుతున్నాం. ఆ పని మేం మొదలుపెట్టాం.

ఆ అమ్మ ఇంటికి మళ్ళీ పోయినప్పుడు ఒక తెల్ల కాగితం తీసుకుపోయాం. ఆమె చెబుతుంటే రాశాం. ఇరవై రెండేళ్ళ పని, చేతులు మారిన కాంట్రాక్టర్లు, ఒకసారి పాము కరవడం, సమ్మెలో పదిహేను రోజులు, కొడుకును ఐటీఐ చదివించడం, రావాల్సిన మూడు నెలలు. చివర్న వేలిముద్ర వేసింది. "ఇది గూడ అద్దం కట్టియ్యాల్నా?" అని అడిగింది. "వద్దమ్మా, యూనియన్‌ల ఇద్దాం" అన్నాం. "గట్లయితే ఇంకో కాపీ రాయుండ్రి, ఇంట్ల ఉంటది" అన్నది. రెండో కాపీ రాసి ఇచ్చాం.